పన్ను మీద పన్ను

ఊడిన పాలపన్ను ఒక్కొక్కదానికి టూత్ ఫెయిరీ ఇవ్వవలసినది ఒక్క డాలరు. మొదటి పంటికీ అంతే, ఇరవయ్యో పంటికీ అంతే. ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారి బిడ్డకూ అంతే, అదే ఆసుపత్రిలో నేల తుడిచే మనిషి బిడ్డకూ అంతే. అంతకు మించి పెట్టడం ఔదార్యం కాదనీ, అది ఇరుగుపొరుగు పిల్లల మీద వేసే పన్ను అనీ నా అభియోగం. తెలుగులో నోట్లో ఉండేదానికీ, సర్కారువారు వసూలు చేసేదానికీ ఒకటే మాట ఉండటం కాకతాళీయమే కావచ్చు. కానీ అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలో ఈ దేవకన్య పేరిట సాగుతున్న వ్యవహారం చూస్తుంటే, ఆ రెండర్థాలూ ఇక్కడికొచ్చి కలుసుకున్నాయేమో అనిపిస్తోంది.

ఈవిడను ఎరగని మిత్రుల కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఆరేడేళ్ళ పిల్లకు పన్ను ఊడితే, దాన్ని రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. పిల్ల నిద్రపోయాక టూత్ ఫెయిరీ అనే దేవకన్య వచ్చి, ఆ పన్ను పట్టుకుపోయి, బదులుగా కొంత సొమ్ము పెట్టి వెళుతుంది. ఆ దేవకన్య ఎవరో మీకు వేరే చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి పర్సు వెదుక్కుంటూ, చీకట్లో కాలివేలు మంచం కోడుకు కొట్టుకుని, కిక్కురుమనకుండా బాధ దిగమింగే అమ్మో, నాన్నో. పాలపళ్ళు మొత్తం ఇరవై. సుమారు ఆరో ఏట మొదలైన ఈ రాకపోకలు పన్నెండో ఏటికి ముగుస్తాయి.

ఈవిడ మరీ పురాతన దేవత ఏమీ కాదు. అచ్చులో ఈవిడ పేరు కనబడే తొలి దాఖలాగా పరిశోధకులు చూపేది 1908 సెప్టెంబరులో చికాగో ట్రిబ్యూన్ పత్రిక గృహిణుల చిట్కాల శీర్షికలో వచ్చిన చిన్న తునక. కదిలే పన్ను తీయించుకోనని మొండికేసే పిల్లలకు ఈ దేవకన్య సంగతి చెబితే దారికి వస్తారనీ, అంగడిలో ఐదు సెంట్ల వస్తువులమ్మే చోట నాలుగు సామాన్లు ముందుగానే కొని దాచుకోవడం తల్లులకు మంచిదనీ దాని సారాంశం. రెండు సంగతులు గమనించండి. ఒకటి, అక్కడ డబ్బు ప్రసక్తి లేదు. ఉన్నది చిన్న కానుక. రెండు, ఉద్దేశం పిల్ల భయం పోగొట్టడం. ఒంట్లోంచి ఒక ముక్క ఊడి చేతిలోకి వస్తే, నోట్లో నెత్తురు రుచి తగిలితే, ఆరేళ్ళ ప్రాణానికి అది సామాన్యమైన సంగతి కాదు. ఫరవాలేదమ్మా, ఇది అందరికీ జరిగేదే, దీనికోసం ఒకావిడ వస్తుంది కూడా అని చెప్పడం కోసం పుట్టిన కల్పన అది.

అక్కడి నుంచి మనం ఎక్కడికొచ్చామో చూడండి. డెల్టా డెంటల్ అనే దంతవైద్య బీమా సంస్థ 1998 నుంచి ఏటా తల్లిదండ్రులను అడిగి, పంటికి సగటున ఎంత పెడుతున్నారో ప్రకటిస్తోంది. 1998లో ఆ సగటు 1 డాలరు 30 సెంట్లు. 2023 నాటికి 6 డాలర్ల 23 సెంట్లు. 2024లో 5.84కు, 2025లో 5.01కి దిగింది. సదరు సంస్థవారు అంతటితో ఊరుకోక, ఈ అంకెను న్యూయార్కు షేర్ల సూచీ ఎస్ అండ్ పి 500తో పోల్చి మరీ చూపిస్తూ ఉంటారు. ప్రతి ఫిబ్రవరిలోనూ పత్రికలు దాన్ని బంగారం ధరలా అచ్చువేస్తాయి. ఆ అంకె చూసి, "అయ్యో, మనం సగటుకన్నా తక్కువ పెడుతున్నామే!" అని తల్లిదండ్రులు సిగ్గుపడతారు. మరుసటి పంటికి ధర పెరుగుతుంది.

ఈ సగటు అనే మాట చేసే మాయ కొంచెం విప్పి చూద్దాం. పదిళ్ళ వీధి ఒకటి ఉందనుకోండి. తొమ్మిదిళ్ళవారు డాలరు చొప్పున పెట్టారు. పదో ఇంటాయన యాభై పెట్టాడు. మొత్తం 59 డాలర్లు. సగటు 5 డాలర్ల 90 సెంట్లు. ఆ వీధిలో ఏ ఒక్కరూ 5.90 పెట్టలేదు. పదింట తొమ్మిదిమంది పెట్టింది ఒక్క డాలరే. అయినా పత్రికలో అచ్చయ్యే వాక్యం మాత్రం "ఈ వీధిలో పంటి ధర 5.90". ఒక్క ఇంటి ఆర్భాటం తొమ్మిదిళ్ళకు కొలబద్ద అయి కూర్చుంది. నేను పన్ను అంటున్నది దీన్నే.

"ధరలన్నీ పెరిగాయి, పంటి ధర పెరగదా?" అనేవారున్నారు. లెక్క వేసే చెబుతున్నాను. 1998లో 1.30 డాలర్లకు దొరికిన సరుకు, మామూలు ధరల పెరుగుదల ప్రకారం 2023లో రెండున్నర డాలర్లకు లోపే దొరకాలి. ఆ పాతికేళ్ళలో పాలూ రొట్టే కలిసిన సామాన్య ధరలు రెట్టింపు కూడా కాలేదు. పాలపన్ను దగ్గరదగ్గర ఐదింతలైంది. పన్ను మాత్రం అదే పన్ను. పెరిగింది మనలోని పోటీ.

ఇక అసలు సంగతికి వస్తాను. మేముండే ఊరి గ్రంథాలయంలో, పిల్లలకు కథలు చదివి వినిపించే వేళ, రెండో తరగతి పిల్లలు ముగ్గురు తమ బోసినోళ్ళు ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఒక పిల్లకు ఇరవై డాలర్ల నోటు వచ్చిందట. ఇంకొకరికి ఐదు. మూడో పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, తనకు ఒక్క డాలరే వచ్చిందనీ, తన పంటి మీద చిన్న మచ్చ ఉందనీ, బహుశా అందుకేననీ చెప్పింది.

ఆ పిల్ల తన తల్లిదండ్రులను తప్పు పట్టలేదు. పట్టడానికి వీల్లేదు కదా! ఇచ్చింది వాళ్ళు కాదు. తన పంటిని తప్పు పట్టింది. ఈ వ్యవహారంలో ఘోరమంతా ఇక్కడే ఉందని మనవి చేస్తున్నాను. పక్కింటి పిల్లకు వాళ్ళ నాన్న పెద్ద సైకిలు కొనిస్తే, మన పిల్లకు దానికి అర్థం ఉంది. "వాళ్ళ నాన్న దగ్గర ఎక్కువ డబ్బుంది" అనుకుంటుంది. ఏడుస్తుంది, అలుగుతుంది, మర్చిపోతుంది. లోకంలో ఉన్న హెచ్చుతగ్గులు పిల్లలకు అర్థం కానివి కావు. కానీ టూత్ ఫెయిరీకి నెల జీతం లేదు, ఇంటి అప్పు లేదు, ఉద్యోగం పోవడం లేదు. ఆవిడకు అందరు పిల్లలూ ఒక్కటే అని కదా మనం చెప్పింది! అటువంటి ఆవిడ ఒకరికి ఇరవై, ఒకరికి ఒకటి ఇస్తే, ఆరేళ్ళ తర్కానికి మిగిలే కారణం ఒక్కటే. లోపం నాలో ఉంది.

"నా బిడ్డ, నా డబ్బు, నా ఇష్టం. మధ్యలో మీరెవరండీ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన పెళ్ళిళ్ళలోనే ఉంది. చదివింపులు చూడండి. ఫలానావారు నూట పదహార్లు, ఫలానావారు వెయ్యి నూట పదహార్లు అని పేరు పెట్టి చదువుతారు, పుస్తకంలో రాస్తారు. ఇచ్చినవాడి స్తోమత, చుట్టరికం, పాత బాకీ, పరువు అన్నీ ఆ పేరు వెనక ఉంటాయి. మేనమామ తులం బంగారం పెట్టాడని, పక్కింటాయన పెట్టిన నూట పదహార్లను ఎవరూ చిన్నచూపు చూడరు. ఎవరి పేరు మీద ఎంతన్నది స్పష్టంగా ఉంది కనుక. టూత్ ఫెయిరీది అటువంటి చదివింపు కాదు. అక్కడ మీ పేరు లేదు. మీరు సంతకం పెడుతున్నది ఊరందరికీ ఉమ్మడి అయిన పేరు మీద. ఊరుమ్మడి చెరువులో నీళ్ళు ఎన్ని బిందెలు తోడుకోవాలన్నది ఒక్క ఇంటి ఇష్టం కానట్టే, అందరి పిల్లలూ నమ్ముతున్న పేరు మీద ఎంత ఇవ్వాలన్నది మీ ఒక్కరి ఇష్టం కాదు. మీ పేరు మీద ఇచ్చుకోండి. తెల్లారాక బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇది మీ నాన్న ఇస్తున్నాడు" అని నూరు డాలర్లే ఇవ్వండి. ఎవరూ కిమ్మనరు.

రెండో వాదన పాఠాలు చెప్పేవారిది. పిల్లలకు డబ్బు విలువ నేర్పడానికి ఇది మంచి అవకాశమట. ఏ విలువ నేర్పుతున్నారో నాకు బోధపడదు. పన్ను ఊడటం పని కాదు. దానంతట అది ఊడుతుంది. ఊడకపోతే దంతవైద్యుడు ఊడదీస్తాడు. ఏమీ చేయకుండా నిద్రపోతే తెల్లారేసరికి నోటు ప్రత్యక్షమవుతుందన్న పాఠం ఆర్థికశాస్త్రంలో ఏ అధ్యాయమో పెద్దలు సెలవివ్వాలి. డబ్బు విలువ నేర్పాలనుకుంటే పెరట్లో మొక్కలకు నీళ్ళు పోయించి ఇవ్వండి, ఎండుటాకులు ఊడ్పించి ఇవ్వండి.

ఈ పాఠశాలకే చెందిన మరో శాఖ ఉంది. శుభ్రమైన పంటికి ఎక్కువ, పుచ్చుపంటికి తక్కువ ఇవ్వాలంటారు. అప్పుడు పిల్లలు శ్రద్ధగా పళ్ళు తోముకుంటారట. వినడానికి ముచ్చటగానే ఉంది. అయితే అమెరికాలో వైద్యం అందని పుచ్చుపళ్ళు పేద కుటుంబాల పిల్లల్లోనే ఎక్కువని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య గణాంకాలు చెబుతూనే ఉన్నాయి. పళ్ళకు బీమా లేని ఇంట్లో, రెండు ఉద్యోగాలు చేసే తల్లికి బిడ్డను దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళే తీరిక దొరకని ఇంట్లో పన్ను పుచ్చుతుంది. అసలే నొప్పి భరించిన పిల్లకు, పైగా దేవకన్య చేత జరిమానా కూడా వేయిస్తామా? దెబ్బ తిన్నవాడికే దండుగ అన్నట్టు లేదూ! పళ్ళు తోమించడం తల్లిదండ్రుల బాధ్యత. ఆ బరువు ఎత్తి రెక్కల మనిషి భుజాన వేయడం తప్పించుకోవడమే.

మూడో వాదన మన సంస్కృతీపరిరక్షకులది. "ఈ పరాయి వేషాలు మనకెందుకు? మనం పళ్ళు ఇంటి కప్పు మీదికి విసరలేదా? మన పళ్ళు మొలవలేదా?" విసిరాం. నేనూ పేడముద్దలో పొదిగి పెంకుల మీదికి విసిరినవాళ్ళలో ఒకణ్ణే. కానీ అది మన సొంత ఆస్తి అని గర్వించడానికి లేదు. జపానులో కింది పన్ను ఊడితే కప్పు మీదికీ, పై పన్ను ఊడితే ఇంటి నేల కిందికీ విసురుతారు, కొత్త పన్ను ఆ దిశగా తిన్నగా మొలుస్తుందని. కొరియావారూ కప్పు మీదికే విసురుతారు. కనుక ఇది అరువు తెచ్చుకున్న ఆచారానికీ సొంత ఆచారానికీ మధ్య తగాదా కాదు. అమెరికా బడిలో చదివే పిల్లకు తోటిపిల్లలందరి ఇంటికీ వచ్చే దేవకన్య తన ఇంటికి మాత్రం రాదని చెప్పడం కూడా నాకు సమ్మతం కాదు. రానివ్వండి. కార్టూన్ల పుణ్యమా అని హైదరాబాదు అపార్టుమెంట్లలో పిల్లలకు సైతం ఈవిడ తెలిసిపోయింది. ఆవిణ్ణి ఆపగలిగే పహరా లేదు.

మన ఇంటి కప్పు దగ్గర నేర్చుకోవలసింది మాత్రం ఒకటుంది. కప్పు ఏనాడూ ధర చెప్పలేదు. పెంకుటింటి మీద పడ్డ పన్నుకూ, మేడ మీద పడ్డ పన్నుకూ దక్కేది ఒక్కటే, కొత్త పన్ను. ఎవరి పన్ను వారికి మొలిచేది.

డబ్బు అసలే కూడదని కూడా నేననడం లేదు. పిల్లల సంబరంలో డబ్బు ఎలా ఉండాలో మనకు తెలియనిది కాదు. భోగిపళ్ళు చూడండి. రేగుపళ్ళలో పూలరేకులు, చెరకుముక్కలు, చిల్లర నాణేలు కలిపి పిల్ల నెత్తిన పోస్తారు. కింద పడ్డవాటి కోసం పేరంటానికి వచ్చిన పిల్లలంతా ఎగబడతారు. నాణెం అక్కడా ఉంది. కానీ అది చెరకుముక్క పక్కన చెరకుముక్కలాగే ఉంది. దొరికిన పిల్ల సంతోషం నాణెం దొరికినందుకే గాని, దాని మీద ఉన్న అంకెకు కాదు. ఈ సంవత్సరం భోగిపళ్ళ సగటు ఇంత అని ఏ బీమా సంస్థా ఇంతవరకూ ప్రకటించలేదు. ప్రకటించిన నాడు మనం రేగుపళ్ళు మానేసి నోట్లు పోస్తామేమోనని నా భయం.

ఈ సందర్భంలో స్పెయిను దేశపు ఎలుకను తలచుకోవాలి. అక్కడ పళ్ళు పట్టుకుపోయేది దేవకన్య కాదు, పెరెజ్ అనే చిట్టెలుక. 1894 ప్రాంతంలో, ఎనిమిదేళ్ళ బాలరాజు పదమూడో అల్ఫాన్సోకు పన్ను ఊడినప్పుడు, ఆయన కోసం లూయీస్ కొలోమా అనే క్రైస్తవ గురువు రాసిన కథలో ఈ ఎలుకకు సాహిత్యగౌరవం దక్కింది. మాడ్రిడ్ నగరంలో, కథ ప్రకారం ఎలుకగారు కాపురమున్న ఆరేనాల్ వీధి ఎనిమిదో నంబరు ఇంటి దగ్గర స్మారకఫలకం కూడా పెట్టారు. ఆ కథలో ఎలుక రాజుగారి పన్ను పట్టుకుని తన దారిన తాను పోదు. చిన్నరాజును కూడా ఎలుకగా మార్చి, తన వెంట ఒక నిరుపేద పిల్లవాడి ఇంటికి తీసుకెళుతుంది. తనలాగే పన్ను ఊడిన ఆ పిల్లవాడు ఎంత లేమిలో నిద్రపోతున్నాడో రాజు కళ్ళారా చూస్తాడు. తిరిగొచ్చి, ఎందుకిలా అని తల్లిని అడుగుతాడు. పాలపన్ను గురించి రాసిన తొలి సాహిత్యాల్లో ఒకటి, సరిగ్గా ఉన్నవాడి దిండుకూ లేనివాడి దిండుకూ మధ్య దూరం గురించే రాశారన్నమాట. ఒక రాజుకు చెప్పిన నీతి, స్టాకు ఆప్షన్లున్న మనకు చెప్పరాదా?

"సరేనయ్యా, ఒక్క డాలరే ఎందుకు?" అంటారా? అది ఒక్కటి కనుక. లెక్కపెట్టవలసిన అవసరం లేనిది కనుక. ఇరవై పళ్ళకు ఇరవై డాలర్లు, అదీ ఆరేళ్ళ మీద. ఎక్కువ ఇళ్ళు మోయగలిగిన బరువే. అది కూడా బరువయ్యే ఇళ్ళున్నాయని ఎరుగుదును. అందుకే డాలరును పైమెట్టు అంటున్నాను గాని కిందిమెట్టు అనడం లేదు. ఒక నాణేనికీ మరొక నాణేనికీ మధ్య దూరం పిల్ల మనసు దాటగలదు. నాణేనికీ ఇరవై డాలర్ల నోటుకూ మధ్య ఉన్నది దాటలేదు.

వీలైతే నోటు కాకుండా నాణెమే పెట్టండి. అమెరికా టంకశాల 2000లో విడుదల చేసిన బంగారు రంగు డాలరు నాణెం మీద సకజవేయా అనే షోషోనీ తెగ వనిత బొమ్మ ఉంటుంది, వీపున నిద్రపోతున్న పసిబిడ్డతో. దేవకన్య తేదగ్గ వస్తువంటే అది. మామూలుగా అంగట్లో చేతులు మారేది కాదు కనుక, పిల్ల దాన్ని ఖర్చు చేయడం కన్నా దాచుకోవడానికే ఇష్టపడుతుంది. దానితోబాటు పిల్ల పేరు రాసి, పన్ను అందింది, కొత్తది జాగ్రత్తగా చూసుకో అని రెండు వాక్యాల ఉత్తరం పెట్టండి. తెలుగులో రాస్తే మరీ మంచిది. పిల్ల ఆ రెండు వాక్యాలు చదవడానికైనా అక్షరాలు నేర్చుకుంటుంది.

ఇప్పటికే మొదటి పంటికి ఇరవై పెట్టేసి, రెండో పన్ను కదులుతుంటే గుండెలు కదులుతున్న తల్లిదండ్రులకు కూడా మార్గముంది. దేవకన్యల మహాసభలో పిల్లలందరికీ సమానంగా ఇవ్వాలని తీర్మానించారనీ, నేటి నుంచి అది అమలులోకి వస్తుందనీ ఉత్తరం రాయండి. పిల్లలు సమానత్వాన్ని మనకన్నా తొందరగా అర్థం చేసుకుంటారు. ఆటలో ఒక్క బిస్కత్తు ఎక్కువ తక్కువలైతే న్యాయం కోసం ఇల్లు పీకి పందిరి వేసేది వాళ్ళే కదా.

ఇంత చెప్పినా, నా బిడ్డ పంటికి ఇరవై డాలర్లకు దమ్మిడీ తగ్గేది లేదనే పుణ్యాత్ములకు నాదొక్కటే విన్నపం. తప్పకుండా ఇవ్వండి. నోటు పక్కన చిన్న చీటీ పెట్టి, దాని మీద మీ పేరు రాయండి. చదివింపుల పుస్తకంలో రాసినంత స్పష్టంగా, ఇంటిపేరుతో సహా. అది చూసిన మీ బిడ్డ రేపు బడిలో, "మా నాన్న ఇచ్చాడు" అని చెబుతుంది. అప్పుడు ఆ మూడో పిల్ల ఇంటికి వెళ్ళి అద్దంలో తన పళ్ళ మచ్చలు వెదుక్కోదు.